పన్నును కదల్చునది ఎవరు?

పెద్దపల్లి జిల్లాలో, గోదావరిఖనికి మంథనికి నడుమ, కమాన్‌పూర్ అను మండల కేంద్రము కలదు. 2016 వరకు ఇది కరీంనగరు జిల్లాలోనిది. ఆదివరాహస్వామి గుడికి పేరుపడిన ఈ ఊరి చుట్టుపట్ల నేల క్రింద బొగ్గు పొరలున్నవి. ఇచ్చటి పిల్లలకు బొగ్గు బాయిని గూర్చి ఎవరును క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఇంక్లైనులో బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లాగు పద్ధతి ఉన్న చోట, ఇంజను దగ్గర కూర్చున్న మనిషికి లోపల ఏమి జరుగుచున్నదో కనబడదు. అతనికి వినబడునది గంట ఒక్కటే. లోపలివాడు సంకేతపు తీగలను తాకించును, ఇంజను దగ్గర గంట మ్రోగును. ఒక్క గంట మ్రోగినచో నడచుచున్న టబ్బులు ఆగవలెను. గంటకు బలము లేదు. అది ఒక్క టబ్బునైనను కదల్చజాలదు. అయినను టన్నుల కొలది బరువు దాని మాట వినును. గంట తప్పుగా మ్రోగినను, మ్రోగవలసినప్పుడు మ్రోగకున్నను ప్రాణాలకే ముప్పు.

మన శరీరములోను ఇట్టి గంటలున్నవి. ఇవి కొన్ని చిన్న చిన్న మాంసకృత్తులు. ఒక కణము వీటిని వెలుపలికి విడుచును, మరొక కణము అందుకొనును. అందుకొన్న కణము తన నడవడిని మార్చుకొనును. శాస్త్రజ్ఞులు వీటికి సైటోకైనులని పేరు పెట్టినారు. మనము సంకేతాణువులని చెప్పుకొనవచ్చును. ఇవి స్వయముగా ఏ క్రిమినీ చంపవు, ఏ ఎముకనూ కొరకవు. కాని చంపునట్టి, కొరుకునట్టి కణములు వీటి ఆజ్ఞకు లోబడి యుండును. ఈ గంటలు ఉన్నవని తెలియుటకు వైద్యశాస్త్రమునకు చాల కాలము పట్టినది. ఎముకను కరగించు గంట పట్టుబడిన చోటు మాత్రము ఎవరును ఊహింపనిది. అది మన పండ్లకు పట్టు పాచి.

తెల్లవారి లేచి, ముఖము కడుగక ముందు, నాలుకతో పండ్లను తడిమినచో జిగటగా తగులునదే పాచి. అందులో కోట్ల కొలది సూక్ష్మజీవులుండును. నాలుగు దినములు తోమక వదలినచో లాలాజలములోని సున్నపు లవణములు అందులో పేరుకొని, అది రాయివలె గట్టిపడును. దీనినే గార అందురు. పన్ను ఎముకలో సిమెంటు వేసి నిలిపిన స్తంభము వంటిది కాదు. దవడ ఎముకలోని గుంటలో, కొల్లాజెన్ అను నారల సాయముతో, ఊయలలో కూర్చున్నట్లు అది వ్రేలాడుచుండును. నమలినప్పుడు ఎముకకు దెబ్బ తగులకుండుటకే ఈ ఏర్పాటు. పంటికి చిగురునకు నడుమ 1 నుండి 3 మిల్లీమీటర్ల లోతు గల సన్నని సందు ఉండును. నోటిలోని క్రిములకు, శరీరము లోపలి భాగమునకు సరిహద్దు ఈ సందే. చర్మమునకున్నంత గట్టి పొర ఇచ్చట లేదు. కాబట్టి కావలి అవసరము. ఆరోగ్యవంతుని నోటిలో సైతము నిమిషమునకు సుమారు 30,000 తెల్ల రక్తకణములు ఈ సందుల ద్వారా నోటిలోనికి వచ్చుచుండునని 1970 లో లెక్కగట్టినారు. పాఠము చెప్పుచున్న ఉపాధ్యాయుని నోటిలోను, వినుచున్న విద్యార్థి నోటిలోను ఈ కావలి నడచుచునే యుండును.

చిగుళ్ళ జబ్బుకు రెండు దశలున్నవి. మొదటిది చిగురువాపు. చిగుళ్ళు ఎఱ్ఱబడును, తోమినప్పుడు రక్తము కారును. ఎముకకు హాని కలుగలేదు గనుక శుభ్రము చేసినచో ఇది పూర్తిగా మానును. రెండవ దశలో పంటిని పట్టియుంచు నారలు తెగి, ఎముక కరగి, సందు లోతై సంచివలె తయారగును, చీము పట్టును, పన్ను కదలును. మన పెద్దలకు ఇది పయోరియా అను పేరుతో తెలిసినదే. ఈ దశలో పోయిన ఎముక తనంత తాను తిరిగి రాదు. నలుబది, ఏబది ఏండ్లు దాటిన తరువాత పండ్లూడుట సహజమని మనవారు సరిపెట్టుకొందురు. అది సహజము కాదు. అది జబ్బు.

జబ్బని మన ప్రాచీనులు గుర్తించినారు. సుశ్రుత సంహితలోని నిదానస్థానమున దంతమూల రోగములు 15 చెప్పబడినవి. శీతాదములో చిగుళ్ళనుండి హఠాత్తుగా రక్తము కారును, చిగుళ్ళు మెత్తబడి దుర్వాసన కొట్టును. దంతవేష్టములో చీము, రక్తము కారి పండ్లు కదలును. ఉపకుశములో చిగుళ్ళు మండి, పండి, పండ్లు ఊగును. కారణమును వారు దోషముల పరిభాషలో చెప్పినారు. దానిని నేటి పరిభాషకు ముడిపెట్టి, సైటోకైనులు మనకు ఆనాడే తెలియునని గొప్పలు చెప్పుకొనుట సుశ్రుతునికి మర్యాద కాదు. కంటితో చూడదగినదంతయు ఆయన నిక్కముగా చూచినాడు. అది చాలును.

రోములో క్రీస్తు శకము మొదటి శతాబ్దమున సెల్సస్ అను రచయిత శోథమునకు నాలుగు గురుతులు వ్రాసిపెట్టినాడు. ఎఱుపు, వాపు, వేడి, నొప్పి. ఈ నాలుగింటిలో నొప్పి చిగుళ్ళ జబ్బులో చాల కాలము కనబడదు. అందువలననే ఇది చడీచప్పుడు లేక ముదురును. పుప్పిపన్ను రాత్రి నిద్ర పట్టనీయదు, కనుక వైద్యుని దగ్గరకు పరుగెత్తుదుము. చిగురు మాత్రము సహించుచు ఊరుకొనును.

1683 లో హాలెండు దేశస్థుడు లీవెన్‌హుక్ తన పండ్ల నడుమనుండి తెల్లని పదార్థమును గీకి తీసి, తాను స్వయముగా అరగదీసిన కటకము క్రింద ఉంచి చూచినాడు. అందులో చురుకుగా ఈదులాడుచున్న సూక్ష్మజీవులు కనబడినవి. ఆ సంగతి లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసినాడు. ఇది జరిగిన రెండు వందల ఏండ్లకు, బెర్లినులో పనిచేసిన మిల్లర్ 1890 లో నోటి క్రిములను గూర్చి పెద్ద గ్రంథము వెలువరించినాడు. దానితో దొంగ దొరికినాడని అందరును అనుకొన్నారు. క్రిమి ఉన్నది, పన్ను పోయినది. ఇక సాక్ష్యమెందుకు?

ఆ తొందరపాటునకు మూల్యము రోగులు చెల్లించినారు. 1900 నుండి లండను వైద్యుడు విలియం హంటర్, శరీరములోని ఎన్నో రోగములకు నోటిలోని చీమే మూలమని ప్రచారము చేసినాడు. 1910 లో మాంట్రియల్ నగరములో ఆయన చేసిన ఉపన్యాసము అమెరికా అంతట మారుమ్రోగినది. కీళ్ళనొప్పియని వచ్చినవారికి, అజీర్ణమని వచ్చినవారికి, తుదకు మనస్సు చెదరినవారికి సైతము పండ్లు పీకివేసిరి. బాగున్న పండ్లును పోయినవి. రోగములు మాత్రము పోలేదు. సుమారు 1930 ప్రాంతమునుండి ఈ వాదము సన్నగిల్లినది. నోటికి తక్కిన శరీరమునకు సంబంధమున్నదనుట అబద్ధము కాదు. ఎట్టి సంబంధమో తెలియక ముందే పటకారు చేతబట్టుట తప్పు.

క్రిమికి, వాపునకు గల సంబంధమును మొట్టమొదట నిష్కర్షగా నిరూపించినవాడు హెరాల్డ్ లో అను నార్వేజియను. ఆయన డెన్మార్కులోని ఆర్హస్ నగరమున తన సహచరులతో చేసిన ప్రయోగము 1965 లో వెలువడినది. ప్రయోగము చిత్రమైనది, ఖర్చు లేనిది. ఆరోగ్యముగానున్న 12 మంది పండ్లు తోముట మానివేసిరి. అంతే! 10 నుండి 21 దినములలో అందరికిని చిగుళ్ళు వాచినవి. తిరిగి తోమనారంభించిన కొలది దినములకే వాపు తీసివేసినది. పాచి లేనిదే చిగురువాపు లేదని తేలినది.

అయితే పాచి ఉన్న ప్రతివాని పన్నూ ఊడునా? ఈ ప్రశ్నకు సమాధానము మన పొరుగున ఉన్న శ్రీలంక తేయాకు తోటలలో దొరికినది. లో బృందము 1970 లో అచ్చటి 480 మంది తమిళ కూలీలను పరీక్షించి, వారిని 15 సంవత్సరములు వెంబడించినది. ఈ పురుషులకు పండ్లు తోము అలవాటు లేదు, దంతవైద్యము అందుబాటులో లేదు. అందరి పండ్లకును పాచి, గార దట్టముగా పట్టియున్నవి, అందరి చిగుళ్ళును వాచియున్నవి. 1986 లో ప్రకటించిన ఫలితమిది: సుమారు 8 శాతము మందికి జబ్బు మిక్కిలి వేగముగా ముదిరినది, 81 శాతము మందికి ఒక మోస్తరుగా సాగినది, 11 శాతము మందికి చిగురువాపును దాటి ముందుకు పోనేలేదు. ఒకే తోట, ఒకే తిండి, ఒకే పాచి. కొందరి పండ్లు రాలిపోయినవి, కొందరివి రాయివలె నిలిచినవి. ఆ కూలీలకు చికిత్స అందక పోవుటయే శాస్త్రమునకు సాక్ష్యమైనదను సంగతి చదువునప్పుడు మనస్సు కొంత చివుక్కుమనును. వారి నోళ్ళు చెప్పిన సత్యము మాత్రము కాదనరానిది. తేడా క్రిమిలో కన్న మనిషిలో ఎక్కువగా ఉన్నది.

మనిషిలో ఏమున్నది? దీనికి ఆధారము అప్పటికే అమెరికాలో దొరకియుండెను. బెథెస్డా నగరములోని జాతీయ దంత పరిశోధన సంస్థలో హార్టన్, ఆయన సహచరులు 1972 లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. మనుష్యుల రక్తమునుండి తెల్లకణములను వేరుచేసి, వాటికి పంటి పాచిని తగిలించి, కొన్నాళ్ళు పాత్రలో పెంచినారు. తరువాత కణములను తీసివేసి, అవి ఊరిన ద్రవమును మాత్రము తీసికొని, ఎలుక పిండపు ఎముక ముక్కలపై పోసిరి. ఆ ఎముకలలోని సున్నమునకు ముందుగానే రేడియోధార్మిక కాల్షియముతో గురుతు పెట్టియుంచినారు. గురుతుపెట్టిన కాల్షియము కరగి వెలుపలికి వచ్చినది!

ఈ ప్రయోగమును ఉపాధ్యాయులు తరగతిలో నిదానముగా చెప్పదగును. ఎముక మీద పోసినది తెల్లకణములను కాదు. అవి విడిచిన ద్రవమును మాత్రమే. పాచి తగులక ఊరిన ద్రవము అంతగా ఎముకను కరగింపలేదు. కాబట్టి పాచిని చూచి కలవరపడిన తెల్లకణములు ఏదో ఒక పదార్థమును వదలినవి, ఆ పదార్థము ఎముకలోని కణములకు "కరగించుడు" అని చెప్పినది. ఆ అజ్ఞాత పదార్థమునకు అస్థిభక్షక కణములను రేపు పదార్థమని పేరు పెట్టిరి. అస్థిభక్షకములనగా ఆస్టియోక్లాస్టులు. పాత ఎముకను కరగించుట వీటి నిత్యకృత్యము. క్రొత్త ఎముకను కట్టు కణములు వేరుగానున్నవి. ఈ రెండింటి పని సరిసమానముగా నడచినంత కాలము ఎముక నిలుచును.

ఆ పదార్థము ఏదియో తేలుటకు మరి 13 సంవత్సరములు పట్టినది. 1985 లో బోస్టనులోని ఫోర్సిత్ దంత కేంద్రమునకు చెందిన డ్యూహర్స్ట్, స్టాషెంకో మొదలగువారు దానిని శుద్ధిచేసి, అందలి అమినో ఆమ్లముల వరుసను చదివి చూచిరి. అది ఇంటర్‌ల్యూకిన్-1 లో బీటా అను రకము! ఈ ఇంటర్‌ల్యూకిన్-1 అంతకుముందే వేరొక చోట జ్వరము తెప్పించు పదార్థముగా తెలిసియుండెను, మరొక చోట లింఫోసైటులను ఉత్తేజపరచు పదార్థముగా తెలిసియుండెను. ఊరిలో ఒకే మనిషిని ఒకడు మామ అని, ఒకడు బావ అని, వేరొకడు పట్వారీ అని పిలిచినట్లు, ఒకే అణువు ప్రయోగశాలకు ఒక పేరుతో చలామణి అయినది. పేర్ల గందరగోళమును తీర్చుటకు 1979 లో స్విట్జర్లాండులో సమావేశమైన శాస్త్రజ్ఞులు ఇంటర్‌ల్యూకిన్, అనగా తెల్లకణముల నడుమ సంభాషణ జరుపునది, అను పేరును స్థిరపరచియుండిరి. ఇట్లు దవడ ఎముకను కరగించు సంకేతము, ఒంటికి జ్వరము తెచ్చు సంకేతము ఒక్కటేనని బయటపడినది.

నేడు తెలిసినంతవరకు చిగురులో జరుగునది ఇట్లుండును. పాచిలోని క్రిముల పైపొరలో కొన్ని గుర్తుపట్టదగిన పదార్థములున్నవి. చిగురులోని కణములు తమ పైనున్న గ్రాహకములతో వాటిని పసికట్టి, వెంటనే ఇంటర్‌ల్యూకిన్-1, టి.ఎన్.ఎఫ్. అను రెండు గంటలను మ్రోగించును. టి.ఎన్.ఎఫ్. 1975 లో న్యూయార్కులో కనుగొనబడినది. కొన్ని కంతులను చంపుననుటచే ఆ పేరు వచ్చినది. ఈ రెండును రక్తనాళముల గోడలను జిగటగా చేయును. రక్తములో కొట్టుకొనిపోవుచున్న తెల్లకణములు ఆ జిగటకు అంటుకొని ఆగును. ఇంటర్‌ల్యూకిన్-8 అను మరొక సంకేతము "ఇటు రండు" అని దారి చూపును. నాళములు వెడల్పగును, నీరు ఊరును. సెల్సస్ చెప్పిన ఎఱుపు, వాపు, వేడి ఇవియే. ఇంతవరకు జరిగినదంతయు మేలే. దాడి తగ్గగానే గంటలు ఆగిపోవలెను.

గార తొలగక పాచి నిలిచియున్నచో గంటలు ఆగవు. అప్పుడు తెల్లకణములు, చిగురు కణములు కొల్లాజెనును త్రెంచు ఎంజైములను అధికముగా వదలును. ఈ ఎంజైము మొదట కనబడినది పంటిలో కాదు. 1962 లో గ్రాస్, లాపియర్ అనువారు కప్పపిల్ల తోకలో కనుగొన్నారు. తోకకప్ప ఎదిగి కప్ప అగునప్పుడు తోక కరగుటకు కారణమిదే. తోకను కరగించిన కత్తియే ఇచ్చట పంటి నారలను కోయును. అటు ఎముక దగ్గర ర్యాంకెల్ అను సంకేతము అస్థిభక్షక కణములను పుట్టించును. దానిని పట్టి ఆపునది ఆస్టియోప్రొటెజెరిన్, అనగా ఎముకను కాపాడునది. ఈ జంట 1997, 1998 సంవత్సరములలో బయటపడినది. చిగురువాపు ముదిరినచోట మొదటిది పెరిగి రెండవది తగ్గును. ఇంటర్‌ల్యూకిన్-17 మొదలగునవి ఆ త్రాసును ఇంకను ఒక ప్రక్కకు వంచును.

శరీరము తన ఎముకను తానే ఎందుకు కరగించుకొనవలెనని విద్యార్థులు అడుగుదురు. గనిలో బొగ్గు తనంత తాను వేడెక్కి నిప్పు రాజుకొన్నప్పుడు ఏమి చేయుదురు? ఆ భాగమునకు గాలి చొరకుండ గోడలు కట్టి వదలివేయుదురు. లోపలి బొగ్గు పోవును, గని దక్కును. చిగుళ్ళ జబ్బులో ఎముక ఎప్పుడును క్రిముల గుంపును ఆనుకొని యుండదు. నడుమ ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడము ఉంచుకొని వెనుకకు జరుగుచుండును. క్రిములు ఎముకలోనికి చొరబడకుండుటకే శరీరము ఇట్లు తగ్గుచున్నదని చెప్పుట సమంజసముగా తోచును. పన్ను పోయినను దవడ దక్కును. పన్నుగలవానికి ఈ బేరము నచ్చకపోవచ్చును.

క్రిమిని మరీ అమాయకునిగా చేయరాదు. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అను క్రిమి చిగురు సంచులలో ఎక్కువగా కనబడును. దానికి రక్తములోని ఇనుముతో కూడిన పదార్థము ఆహారము. వాపు ఉన్నచోటనే రక్తము ఊరును గదా! అందుచే అది వాపును ఆర్పదు, పెంచును. తెల్లకణములు తమను చంపకుండ, కాని వాపు మాత్రము ఆగకుండ సంకేతములను తారుమారు చేయునని 2011 ప్రాంతమున జరిగిన పరిశోధనలు చూపినవి. కొద్ది సంఖ్యలోనున్నను తక్కిన క్రిముల సమాజమునే చెడగొట్టును.

ఆపు గంటలును శరీరములో ఉన్నవి. ఇంటర్‌ల్యూకిన్-10 మంటను చల్లార్చును. ఇంటర్‌ల్యూకిన్-1 కూర్చొను పీటపై ముందుగానే పోయి కూర్చొని, దానికి చోటు లేకుండ చేయు మరొక మాంసకృత్తు కలదు. 1998 లో కోతుల చిగుళ్ళలో ఇంటర్‌ల్యూకిన్-1 ను, టి.ఎన్.ఎఫ్. ను అడ్డగించి చూడగా, ఎముక నష్టము బాగుగా తగ్గినది. క్రిములు అచ్చటనే యున్నవి. గంటను మూయగానే ఎముక నిలిచినది.

దీనికన్న ఆశ్చర్యకరమైనది ఒక అరుదైన పుట్టుక లోపము. ఈ లోపమున్నవారి తెల్లకణములు రక్తనాళపు గోడకు అంటుకొనలేవు, కాబట్టి చిగురులోనికి రాలేవు. వీరికి చిన్నతనములోనే పండ్లు ఊడును. కావలివారు లేకపోవుటచే క్రిములు విజృంభించినవని అందరును తలచిరి. బెథెస్డా పరిశోధకులు 2014 లో పరిశీలించి చూడగా, ఇంటర్‌ల్యూకిన్-23, 17 అను సంకేతములు అచ్చట మితిమీరియున్నవి. తెల్లకణములు వచ్చి, పనిచేసి, చచ్చి, వాటిని ఇతర కణములు మ్రింగినప్పుడే "చాలును" అను మాట పుట్టును. వచ్చువారే లేనప్పుడు ఆ మాట చెప్పువారెవరు? పిలుపు గంట ఆగక మ్రోగుచునే యుండును. 2017 లో ఇట్టి ఒక యువకునికి ఇంటర్‌ల్యూకిన్-23 ను అడ్డగించు మందు ఇచ్చినప్పుడు చిగుళ్ళ వాపు తగ్గినది.

ఈ కథలో ఒక తెలుగువాని ప్రయోగశాలకును చోటున్నది. భీమవరములో 1895 లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923 లో అమెరికా చేరి, హార్వర్డులో పనిచేసి, 1940 లో న్యూయార్కు రాష్ట్రమునందలి లెడర్లీ ప్రయోగశాలలలో ప్రవేశించి, పిమ్మట అచ్చటి పరిశోధనలకు డైరెక్టరైనారు. వారి ఆధ్వర్యవమున పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్, విశ్వవిద్యాలయ ఉద్యోగము విరమించిన వయస్సులో, దేశము నలుమూలల మట్టిని పరీక్షించుచు, మిస్సోరీ మట్టిలో ఒక బంగారు వన్నె సూక్ష్మజీవిని పట్టినాడు. దానినుండి వచ్చినదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిను మందులలో మొదటిది. 1948 లో దానిని లోకమునకు ప్రకటించిరి. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏండ్ల వయస్సున కన్నుమూసినారు. ఆ కుటుంబములోని మినోసైక్లిను అను మందును సైతము తరువాతి కాలమున అదే సంస్థ తయారుచేసినది.

1983 లో స్టోనీబ్రూక్ విశ్వవిద్యాలయములో లోర్న్ గోలబ్ మధుమేహము గల ఎలుకల చిగుళ్ళలో కొల్లాజెన్ త్రెంచు ఎంజైము అధికమగుట గమనించి, వాటికి మినోసైక్లిను ఇచ్చి చూచినాడు. ఎంజైము తగ్గినది. క్రిములు చచ్చుటచే తగ్గినదని ఎవరైనను అందురు. గోలబ్ క్రిములే లేని చోట పెంచిన ఎలుకలకును ఇచ్చినాడు. వాటిలోను తగ్గినది! చంపుటకు క్రిమి లేదు, అయినను మందు పనిచేసినది. అనగా క్రిమిసంహారిణి మన ఎంజైమును తిన్నగా అణచుచున్నది. కొన్ని ఏండ్లకు ఆ అణువునందలి క్రిములను చంపు భాగమును తీసివేసి చూచినను ఎంజైమును అణచు గుణము నిలిచినది. ఇంతకన్న స్పష్టమైన రుజువు అక్కరలేదు. 1998 లో అదే కుటుంబమునకు చెందిన డాక్సీసైక్లినును 20 మిల్లీగ్రాముల చొప్పున, క్రిములను చంపజాలనంత కొద్ది మోతాదులో, చిగుళ్ళ జబ్బునకు వాడుటకు అమెరికా ప్రభుత్వము అనుమతించినది. గారను తీయించుటకు తోడుగా వాడినప్పుడు దీని వలన కొంత మేలు కలదు. గారను తీయించక దీనిని మ్రింగుట వ్యర్థము. పైగా టెట్రాసైక్లినులు ఎదుగుచున్న పిల్లల పండ్లకు పసుపు మచ్చలు తెచ్చును. పంటిని కాపాడు మందే పంటి వన్నెను చెరచుట విచిత్రము. కావున ఇది దుకాణములో అడిగి కొనదగిన మందు కాదు.

గోలబ్ ఎలుకలకు మధుమేహముండుట కాకతాళీయము కాదు. రక్తములో చక్కెర పెరిగినవారికి ఈ సంకేతములు బిగ్గరగా మ్రోగును, చిగుళ్ళు త్వరగా చెడును. అటు చిగుళ్ళలో పుట్టిన టి.ఎన్.ఎఫ్. మొదలగునవి రక్తములో కలసి ఇన్సులిను పనికి అడ్డుతగులును. మధుమేహ రోగులకు చిగుళ్ళను బాగుచేయగా, మూడు నెలల చక్కెర సగటును తెలుపు పరీక్షలో సుమారు 0.4 శాతము తగ్గుచున్నట్లు కనుగొన్నారు. విలియం హంటర్ పటకారుతో వెదకిన సంబంధము నూరేండ్లకు ఈ రూపమున దొరికినది. పన్ను పీకనక్కర లేకయే దొరికినది.

కమాన్‌పూర్ వంటి చోట్ల చెప్పవలసిన మాట ఇంకొకటి మిగిలినది. బొగ్గు బాయిలో మండు వాయువుల భయముచే బీడీ, అగ్గిపెట్టె లోనికి తీసికొనిపోరాదని చట్టము. లోపల బీడీ లేదు గనుక తంబాకు నమలువారున్నారు. షిఫ్టు దిగి పైకి రాగానే బీడీ వెలిగించువారున్నారు. పొగ త్రాగువారికి చిగుళ్ళ జబ్బు ఎక్కువ. అయినను వారి చిగుళ్ళనుండి రక్తము తక్కువగా కారును. పొగాకు, చిగురులోని సన్నని రక్తనాళములు వాపునకు స్పందించు తీరును అణచివేయుటయే ఇందుకు కారణము. లోపల ఎముక కరగుచునే యుండును. పైకి చిగురు పాలిపోయి, గట్టిగా, నిమ్మళముగా కనబడును. గంట తీగ తెగిన ఇంక్లైను వంటిదది.

బీడీ మానినవానికి ఒక చిత్రము జరుగును. మానిన కొలది వారములకు, అంతవరకు లేని రక్తము చిగుళ్ళనుండి కారనారంభించును. లండనులో 2003 లో ప్రకటింపబడిన పరిశీలనలో పొగ మానినవారికి నాలుగు నుండి ఆరు వారములలో చిగుళ్ళ రక్తస్రావము సుమారు రెట్టింపైనది. వారు పండ్లను మునుపటికన్న శ్రద్ధగా తోముకొనుచున్నను పెరిగినది. మానినందుననే నోరు చెడినదని భయపడి, మరల బీడీ ముట్టించినచో రక్తము ఆగును కూడ. ఆగినది రక్తమే, జబ్బు కాదు. మానిన తరువాత కనబడు ఆ రక్తము చిగురులో నాళములు మరల తెరచుకొని, తెగిన తీగ అతుకుకొని, గంట తిరిగి మ్రోగుచున్నదనుటకు గురుతు. గార తీయించినచో ఆ రక్తమును కొద్ది వారములలో ఆగిపోవును.